గొర్రెల మేతపై శ్రద్ధ ఏదీ?

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ ప్రథమ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోను నిలిచాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం రాయితీపై ఒక్కొక్క లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభించింది. జీవాలను అందించడంలో చూపిన శ్రద్ధ మేత భూములను కాపాడటంలో కానరాలేదు. బంజర్లు, బీళ్లు తరిగిపోతూంటే ఆ లోటును సీసా మందులతో పూడ్చుకోవాలని కాపరి ఆశపడటం సహజమే.

అమైనో ఆమ్లాల టానిక్కులనే తీసుకుందాం. మెథియోనిన్, లైసిన్ వంటివి గొర్రె ఎదుగుదలకు, పేగుల లోపొర పటుత్వానికి అవసరమనడంలో సందేహం లేదు. కాని కోళ్లకు నప్పిన పద్ధతి నెమరువేసే జీవాలకు నప్పదు. మామూలు రూపంలో పట్టించిన అమైనో ఆమ్లాలలో అధిక భాగాన్ని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే విచ్ఛిన్నం చేసి అమ్మోనియాగా మార్చివేస్తాయి. చిన్నపేగుకు చేరేది స్వల్పం. పెద్దపొట్టలో కరగకుండా పూత పూసిన రకాలు లేకపోలేదు. అవి త్వరగా ఎదగవలసిన పిల్లలకు ఉపకరించవచ్చునేమో గాని, కడుపు నిండని మందకు కాదు. తగినంత పీచు, నత్రజని, గంధకం అందితే ఆ సూక్ష్మజీవులే మాంసకృత్తులను తయారుచేసి పెడతాయి. అవిశ ఆకు, కాస్త వేరుశనగ చెక్క చేసే మేలు అదే.

ఇక తొలకరి లేతగడ్డిని ఆబగా మేసిన మందను చిటుకు రోగం రాత్రికి రాత్రే పడగొడుతుంది. ముందుగా వేయించిన టీకాయే దానికి రక్షణ. ఏ టానిక్కూ ఆపలేదు. ఇకపై ఏ ప్రభుత్వం జీవాల పంపిణీ తలపెట్టినా పశుగ్రాసానికి, టీకాలకు, నట్టల నివారణకు నిధులు ముందే కేటాయించాలి.