రికార్డు చెరగదు సరే, టూల్స్ మాటేమిటి?

బ్లాక్‌చెయిన్‌లో పెడితే భూరికార్డును ఎవరూ దిద్దలేరన్న మాట కృష్ణా తీరానికి కొత్త కాదు. 2017లోనే రిజిస్ట్రేషన్ల కోసం స్వీడన్ సంస్థ క్రోమావేతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతులు కలిపింది. రాజధాని అమరావతి ప్రాంత భూరికార్డుల భద్రతకు హైదరాబాద్‌కు చెందిన జెబి సంస్థ రంగంలోకి దిగింది. రాజధాని కోసం 29 గ్రామాల్లో 30 వేల ఎకరాలకు పైగా రైతుల భూమి సమీకరించిన చోట ఈ ఆసక్తి సహజమే. అయితే చర్చంతా రికార్డును తారుమారు చేయగలరా, లేదా అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. ఆ రికార్డు ఆధారంగా డబ్బు చెల్లించి, హక్కు బదలాయించే ప్రోగ్రాంను ఏ భాషలో రాస్తారు, దాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చే కంపైలర్ ఎన్నేళ్లు ఉంటుంది, అది మారితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న వెనకబడిపోతోంది. భూమి వ్యవహారాన్ని ఇలాంటి ప్రోగ్రాంకు, అంటే స్మార్ట్ కాంట్రాక్టుకు అప్పగించే ముందు తేల్చాల్సింది ఇదే.

అమరావతి కౌలునే ఉదాహరణగా తీసుకుందాం. భూమి ఇచ్చిన రైతుకు మెట్ట ఎకరాకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా పదిశాతం పెంపుతో పదేళ్లు ఇస్తామన్నది సమీకరణ నాటి హామీ. షరతులు స్పష్టం, లెక్క సులువు. స్మార్ట్ కాంట్రాక్టుకు ఇంతకంటే అనువైన పని కనబడదు. దాన్ని 2015లోనే, ఈ రంగంలో ఎక్కువగా వాడే సాలిడిటీ భాషలో రాశారనుకుందాం. ఆ పదేళ్లలో భాష ఏమైంది? 2018 నవంబరులో 0.5, 2019 డిసెంబరులో 0.6, 2020 జులైలో 0.7, అదే ఏడాది డిసెంబరులో 0.8 వచ్చాయి. ప్రతి వర్షనూ పాత కోడ్‌లో కొంత చెల్లదన్నదే. మొదట్లో అందరూ వాడిన ‘త్రో’ను 0.5లో, సమయం చెప్పే ‘నౌ’ను 0.7లో తీసేశారు. హామీ గడువు పదేళ్లు. అది రాసిన భాష అంతలోనే కనీసం నాలుగుసార్లు రూపు మార్చుకుంది.

దీన్ని బట్టి అప్‌డేట్లే తప్పని తేల్చేస్తే పొరపాటు. ఇలా తీసేసే ముందు సాధారణంగా డిప్రికేట్ చేస్తారు, అంటే ‘ఇక దీన్ని వాడొద్దు, తర్వాత తీసేస్తాం’ అని ముందే చెబుతారు. చాలాసార్లు అది దెబ్బ తిన్నాక నేర్చిన పాఠం. తొలినాళ్ల సాలిడిటీలో కాంట్రాక్టుకు ఏ పేరుందో, మొదట్లో ఒక్కసారే నడిచి యజమానిని నమోదు చేయడం వంటి పనులు చేసే ఫంక్షన్‌కూ అదే పేరుండాలి. ‘డైనమిక్ పిరమిడ్’ అనే కాంట్రాక్టు పేరును ‘రుబిక్సి’గా మార్చినవారు లోపలి ఫంక్షన్ పేరు మార్చడం మరిచిపోయారు. దాంతో అది ఎవరైనా పిలవగల మామూలు ఫంక్షనైంది. పిలిచినవాడే యజమాని అయ్యాడు. ఆ తంటా లేకుండా 2018లో 0.4.22 వర్షన్‌లో ‘కన్‌స్ట్రక్టర్’ అనే ప్రత్యేక పదం తెచ్చి, 0.5లో పాత పద్ధతిని నిషేధించారు. 2018 ఏప్రిల్‌లో బీఈసీ అనే క్రిప్టో టోకెన్‌లో ఒక గుణకారం హద్దు దాటడంతో లేని టోకెన్లు లెక్కలేనన్ని పుట్టుకొచ్చాయి. 0.8 నుంచి అలాంటి లెక్క వస్తే కంపైలర్ పెట్టే తనిఖీయే లావాదేవీని ఆపేస్తోంది. అందువల్ల మార్పు ఆగాలని కోరడంలో అర్థం లేదు. దాన్ని అందుకునే ఏర్పాటు మన దగ్గర ఉందా అన్నదే ప్రశ్న.

ఒకసారి బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కిన ప్రోగ్రాం అలాగే నడుస్తుంది కదా, కంపైలర్ మారితే మనకేమిటని కొందరంటారు. అది సగమే నిజం. కాంట్రాక్టును తొలగించే ‘సెల్ఫ్‌డిస్ట్రక్ట్’ ఆదేశాన్ని 2023లో డిప్రికేట్ చేశారు. 2024 మార్చిలో సాలిడిటీ ప్రోగ్రాంలు నడిచే ఇథీరియం నెట్‌వర్క్ దాని పనితీరునే మార్చేసింది. కోడ్‌లో అక్షరం మారకుండానే ఫలితం మారింది. పాతదాన్ని కదపకపోతే క్షేమమన్న వాదనకు వైపర్ అనే మరో స్మార్ట్ కాంట్రాక్టు భాష ఉదంతమే జవాబు. 2021 నాటి మూడు కంపైలర్ వర్షన్లలో, ఒక లావాదేవీ ముగియకముందే మళ్లీ లోపలికి రాకుండా ఆపే తాళం సరిగా పడలేదు. తర్వాతి వర్షన్‌లో ఆ లోపం పోయింది. కానీ పాతవాటితో కంపైల్ చేసిన కాంట్రాక్టులు అలాగే ఉండిపోయాయి. 2023 జులై 30న కర్వ్ అనే క్రిప్టో మార్పిడి వేదిక పూల్స్ నుంచి కోట్ల డాలర్లు పోవడానికి దారి అదే.

ప్రభుత్వం వాడేది ప్రైవేటు నెట్‌వర్క్ కాబట్టి ఈ గొడవలు అంటవన్నది రెండో అభ్యంతరం. కానీ సంస్థల ప్రైవేటు నెట్‌వర్క్‌ల కోసమే తయారైన హైపర్‌లెడ్జర్ కంపోజర్‌ను 2019లో డిప్రికేట్ చేశారు. సాలిడిటీ ప్రోగ్రామర్లకు ఏళ్ల తరబడి చేతి ఊతమైన ట్రఫుల్, గనాష్ టూల్స్‌ను ఆపేస్తున్నట్టు వాటి కంపెనీ కన్సెన్సిస్ 2023 సెప్టెంబరులో ప్రకటించి, డిసెంబరుకల్లా మూసేసింది. సర్కారు ఫైలు ఒక సంతకం నుంచి మరో సంతకానికి వెళ్లడానికి ఆ మూడు నెలలు చాలవు. కాంట్రాక్టును తర్వాత మార్చుకునేలా ముందే రాసుకుంటే సరిపోదా అనేవారూ ఉన్నారు. రాసుకోవచ్చు. వారసత్వం, భాగపంపకం, అమ్మకం ఉన్నచోట అది తప్పదు కూడా. అయితే మార్చే తాళంచెవి ఎవరి దగ్గరుంటే రికార్డు వారి చేతిలో ఉన్నట్టే. ‘ఎవరూ దిద్దలేరు’ అన్న హామీ అక్కడే పలచబడుతుంది. కనుక ఆ తాళంచెవి ఒక్క అధికారి దగ్గరో, ఒక్క కంపెనీ దగ్గరో ఉండకూడదు.

బ్రిటిష్ కాలపు భూరికార్డు ఆర్‌ఎస్‌ఆర్‌ను తెరవడానికి ఏ కంపెనీ దయా అక్కర్లేదు. చదవడం వస్తే చాలు. ప్రోగ్రాంకు ఆ సౌలభ్యం లేదు కాబట్టి దాన్ని కొనే ఒప్పందంలోనే రక్షణ ఉండాలి. ప్రతి కాంట్రాక్టునూ ఏ వర్షన్‌తో కంపైల్ చేశారో బహిరంగంగా నమోదు చేయాలి. సోర్స్ కోడ్‌తోపాటు ఆ కంపైలర్ ప్రతిని కూడా ప్రభుత్వమే భద్రపరచాలి. భాషలో దేన్నైనా డిప్రికేట్ చేస్తే ఎన్ని రోజుల్లో తనిఖీ చేయాలో గడువు పెట్టాలి. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేసి పూడిక తీయడానికి ఏటా ఖర్చవుతుందని తెలిసే వాటిని తవ్వుకున్నాం. సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి పద్దు బడ్జెట్‌లో కనబడాలి. ఇదంతా ఖర్చే. ఆ ఖర్చు భరించలేమనుకుంటే స్మార్ట్ కాంట్రాక్టు జోలికి పోకుండా, మామూలు డేటాబేస్‌నే పకడ్బందీగా నడపడం మేలు. నిర్వహణకు పైసా కేటాయించకుండా ‘చెరగని రికార్డు’ అని ప్రకటించడం మాత్రం భూమి ఇచ్చిన రైతుకు మరో హామీపత్రం చేతిలో పెట్టడమే అవుతుంది.