నోటిమాటయు సువార్తయు

“క్రియలే చాలును, మాటలతో పనియేమి?” అను ప్రశ్న యీనాడు మన క్రైస్తవ యువజనులలో తఱచుగా వినవచ్చుచున్నది. ఆసుపత్రులు కట్టితిమి, పాఠశాలలు నడపుచున్నాము, అనాథలను సాకుచున్నాము; మన నడవడిని చూచి జనులు తామే గ్రహింతురు గాక, వీధిలో నిలిచి నోరు తెఱచుట యెందులకని కొందఱందురు. పైతరగతులలోని మన విద్యార్థులు సయితము చర్చాసభలో ఈ పక్షమునే గట్టిగా బలపఱచిరి. వారి వాదములో మేలు కొంత కలదు. అయినను మేము దానిని పూర్తిగా అంగీకరింపజాలము. ఏ మట్టునకు అంగీకరింతుమో, ఎచ్చట విడిపోదుమో, ఈ పుటలలో విన్నవింపగోరుచున్నాము.

ఈ వాదమునకు సాక్షిగా అస్సీసీ పురవాసియగు ఫ్రాన్సిసు మహాశయుని పేరు చెప్పుట పరిపాటి. అవసరమైననే తప్ప మాటలు వాడక సువార్తను ప్రకటింపవలెనని ఆయన శిష్యులకు బోధించెనందురు. కాని 1226వ సంవత్సరమున గతించిన ఆ మహనీయుని వ్రాతలలో గాని, ఆయనను గూర్చి తొలుదొల్త వ్రాయబడిన చరిత్రలలో గాని అట్టి వాక్యము కానరాదు. కానవచ్చునది వేఱు. ఆయన కాలినడకను ఒక్కొక్క దినమున నాలుగైదు గ్రామములు తిరిగి ప్రసంగించెడివాడు. 1219లో, క్రూసేడు యుద్ధము జరుగుచుండగా, ఐగుప్తు దేశమునందలి దామియెట్టా పట్టణము చెంత శత్రుపక్షపు సుల్తానగు అల్ కామిలు నెదుటికి ఆయుధము లేక పోయి మాటలాడెను. బీదల సేవలో ఆయనను మించినవారు అరుదు. అయినను ఆయన నోరు మూసికొనలేదు. సేవకును మాటకును వైరము పెట్టుట ఆయన మార్గము కాదు.

వేదమును విప్పి చూచినను ఇదియే తేటపడును. మన ప్రభువు ఒక్క గ్రంథమునైనను వ్రాయలేదు. ఆయన వ్రాసెనని సువార్తలలో చెప్పబడినది ఒక్కసారి మాత్రమే. అదియు నేలమీద, వ్రేలితో. ఆయన బోధ యంతయు సముద్రతీరమునను, కొండమీదను, బావియొద్దను, భోజనపు పంక్తిలోను పలికిన మాటలే. విత్తనములు చల్లినవాడు, తప్పిపోయిన గొఱ్ఱె, ఇల్లూడ్చి నాణెము వెదకిన స్త్రీ — ఇవి యన్నియు చదువురానివాడు సయితము ఒక్కసారి విని యింటికి మోసికొనిపోగల సంగతులు. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయ రాణి కోశాధికారి వృత్తాంతమును మన పిల్లలెఱుగుదురు. అతనికి చదువున్నది, చేతిలో యెషయా గ్రంథమున్నది, రథమున్నది, తెలిసికొనవలెనను ఆసక్తియు నున్నది. లేనిది ప్రక్కను కూర్చుండి మాటలాడు మనుష్యుడొక్కడే. ఫిలిప్పు పరుగెత్తి రథమెక్కిన పిమ్మటనే ఆ గ్రంథము అతనికి తెఱవబడెను. అచ్చులో నున్న వాక్యము ప్రశ్నకు బదులు చెప్పదు, మనుష్యుడు చెప్పును. ఇదియే నోటిమాట యొక్క మొదటి ప్రయోజనము.

మన తెలుగుదేశపు సంఘచరిత్రయు ఈ విషయమునే సాక్ష్యమిచ్చుచున్నది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాను, డెగ్రాంజి దొరలు భాష నేర్చుకొని, క్రైస్తవుడైన యొక బ్రాహ్మణ పండితుని తోడ్పాటుతో సువార్తలను తెనిగింప నారంభించిరి. 1818 నాటికి క్రొత్త నిబంధన యంతయు తెలుగున అచ్చుపడెను. ఇది గొప్ప మేలు. కాని చదువగలవారెందఱు? ఎనుబది యేండ్లు గడచిన తరువాత, 1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో సయితము, ఇండియా దేశమంతట నూటికి సుమారు 5గురు మాత్రమే అక్షరాస్యులు. మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను ఆ సంఖ్య మఱియు స్వల్పము. అట్టి పల్లెలకు సువార్త యెట్లు చేరెను? కాళ్లతో నడచి, నోటితో చేరెను.

ఒంగోలు ప్రాంతపు చరిత్ర యిందుకు తార్కాణము. తాళ్లకొండపాడు గ్రామస్థుడగు ఎఱ్ఱగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకమునకై ఊరూర తిరుగువాడు. ఆయన 1866లో భార్యతో కూడ క్లౌ దొరగారిచేత బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు 8మంది మాత్రమే. పేరయ్య తాను విన్నదానిని తన వారి భాషలో, తన వారి అరుగులమీద చెప్పుచు పోయెను. దొరగారి గుడారము చేరకముందే పేరయ్య మాట అనేక గ్రామములకు చేరియుండెను. పది సంవత్సరములలో ఆ సంఘము మూడువేలకు మించెను. ఈ పెరుగుదలకు మూలము వేదిక కాదు, అచ్చుపుస్తకము కాదు. చుట్టమునకు చుట్టము చెప్పిన మాట.

పిమ్మట 1876 మొదలు 1878 వఱకు మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనెడి మహాక్షామము వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలకొలది జనులకు పని చూపి కూలి యిచ్చిరి. ఉపదేశులు మేస్త్రీలైరి. కూలివారు పలుగు పార దింపి అలసట తీర్చుకొను వేళల, ఉపదేశులు వారిచెంత కూర్చుండి యేసుక్రీస్తును గూర్చి చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఒప్పుకొనలేదు. కరవుకూలి సాగినంతకాలము ఎవ్వరికిని బాప్తిస్మ మియ్యరాదని యాగిరి. సహాయద్రవ్యము నిలిచిపోయిన తరువాత, 1878లో, ఇక నాయొద్ద కూలియు లేదు, ధనమును లేదు, తిరిగి పొండని చెప్పిరి. అయినను జనులు కదలలేదు. జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆఱుగురు ఉపదేశులు ఇద్దఱిద్దఱుగా మార్చి మార్చి నీట నిలిచి ఆ కార్యము నెఱవేర్చిరి.

“బియ్యమునకై వచ్చిరి” అని యానాడు ఆక్షేపించినవారు కలరు, ఈనాడును కలరు. అందఱి హృదయములను ఎఱుగుదుమని మేము చెప్పము. ఊరివెలుపల తరతరములు అవమానమనుభవించినవారు గౌరవమును కోరి వచ్చుటయు కలదు. అట్టి కోరిక తప్పనియు మేము చెప్పము. మేము గమనింపుమనునది ఒక్కటే. క్లౌ దొరగారు కూలిని వేఱుగాను, మాటను వేఱుగాను ఉంచుటకు ప్రయాసపడిరి. ఏలయనగా ఆకలిగొన్నవానికి అన్నము కాదనుటకు శక్తి లేదు. మాటను కాదనుటకు ప్రతివానికిని శక్తి కలదు. భయము మనుష్యుని లాగును, లాభము లాగును, ఉపకారము సయితము ఋణమువలె మీద కూర్చుండును. నోటిమాట యొక్కటే వినువానిని స్వతంత్రునిగా విడుచును. అతడు వినవచ్చును, ప్రశ్నింపవచ్చును, నవ్వవచ్చును, లేచి పోవచ్చును. కావుననే సువార్తకు తగిన వాహనము మాట యని మేము నమ్ముచున్నాము.

క్రియలే చాలునను మన విద్యార్థులు ఈ సంగతి నాలోచింపవలెను. మాటలేని ఉపకారము మంచిదే. కాని అది యెందుకు చేయబడినదో వినువారికి తెలియదు. ఏ నమ్మకముచేత చేయుచున్నామో దాచి ఉపకారము చేయుట కంటె, అడిగినవానికి దాపఱికము లేక చెప్పి, అంగీకరింపనివానికిని అదే యుపకారము చేయుట నిజాయితీ. మన దేశపు శాసనమును ఈ స్వేచ్ఛనే కాపాడుచున్నది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 25వ అనుచ్ఛేదములో తన మతమును అవలంబించుటకును, ఆచరించుటకును, ప్రచారము చేయుటకును ప్రతివానికి హక్కు కలదని నిర్ణయించినది. 1977లో సుప్రీముకోర్టు, ప్రచారమనగా తన మతసిద్ధాంతములను వివరించి తెలుపుటయే గాని, ఇతరుని మతము మార్పించుటకు హక్కు కాదని తీర్పు చెప్పినది. ఈ తీర్పును గూర్చి మనవారిలో భిన్నాభిప్రాయములు కలవు. అయినను వివరించి చెప్పుటకంటె మించినది మనుష్యుని చేతిలో లేదని మన వేదమే నేర్పుచున్నది. చెప్పుట మన వంతు; మార్చుట దేవుని వంతు.

మాట అనగా వీధి ప్రసంగమొక్కటియే యని తలంపరాదు. 1841లో ఫాక్సు, నోబిలు అను ఇరువురు మిత్రులు కలసి మచిలీపట్టణమునకు వచ్చిరి. ఫాక్సు దొరగారు గ్రామములు తిరిగి సంతలలోను తిరునాళ్లలోను మాటలాడిరి. నోబిలు దొరగారు 1843లో పాఠశాల తెఱచి, 1865లో మరణించువఱకు స్వదేశమునకు మరల పోక, బల్లలమీద కూర్చున్న పిల్లలతో మాటలాడిరి. ఒకరిది దారి, ఒకరిది గది, రెండును నోటిమాటయే. 1852లో ఇద్దఱు విద్యార్థులు బాప్తిస్మము పొందగా పలువురు తల్లిదండ్రులు పిల్లలను మానిపించిరి. మాటకు వెల కలదని ఆనాటి ఉపాధ్యాయులు ఎఱుగుదురు.

ఇక మన లోపములను గూర్చి చెప్పవలెను. “చెప్పెడివానికి వినెడివాడు లోకువ” అను సామెత మనయెడల తఱచు నిజమగుచున్నది. గడచిన సంక్రాంతి సెలవులలో మేము పైతరగతి విద్యార్థులను కొందఱిని వెంటబెట్టుకొని సమీప గ్రామమునకు పోతిమి. ఒక చిన్నవాడు అరుగు ముందర నిలిచి, ప్రాయశ్చిత్తము, నీతిమంతునిగా తీర్చబడుట, పునరుత్థానము అను విషయములమీద తప్పులేక ప్రసంగించెను. కందికాయలు ఒలుచుచు వినుచున్న యొక ముసలమ్మ, అంతయు ముగిసిన తరువాత, “నాయనా, పాఠం బాగా ఒప్పజెప్పినావు. ఇంతకీ సంగతేంది?” అని యడిగెను. పిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ పాఠమును నేర్పినవారము మేమే గదా! అప్పుడు మాతో వచ్చిన బైబిలు స్త్రీ ఆ అరుగుమీద కూర్చుండి, తానును నాలుగు కాయలు చేతబట్టి, “అవ్వా, నీకు పిల్లలెంతమంది?” అని యడిగెను. కుమారుడు పనికై పట్నము పోయి మూడేండ్లాయెననియు, కబురు లేదనియు ఆమె చెప్పెను. బైబిలు స్త్రీ చాలసేపు వినెను. పిమ్మట తప్పిపోయిన కుమారుని కథను పది మాటలలో చెప్పెను. ముసలమ్మ చేతులు నిలిచిపోయెను. “ఆ తండ్రి రోజూ దోవ చూసేవోడా?” అని మాత్రమే యడిగెను. ఆమె క్రైస్తవురాలు కాలేదు. కాని ఆ దినమున ఆ యూరిలో వాక్యము వినబడినదని మేము చెప్పగలము.

ఆ చిన్నవాని మాటకును ఆ స్త్రీ మాటకును గల భేదము పాండిత్యములో లేదు. ఆమె మొదట వినెను, అతడు వినలేదు. ఆమె ఎదుటివారి తెలుగు మాటలాడెను; అతడు ఆదివారపు తెలుగు మాటలాడెను. ఇక మూడవ లోపము ధ్వనియంత్రము. మైకు పెట్టి యూరంతయు మ్రోగించిన మాత్రాన యూరు విన్నదనుకొనుట భ్రమ. చెవిలో పడిన శబ్దము వేఱు, మనస్సున దిగిన మాట వేఱు. నాల్గవది అన్నిటికంటె చెడ్డది: ఇతరుల దేవతలను, ఆచారములను ఎగతాళి చేయుట. పౌలు ఏథెన్సు పట్టణములో విగ్రహములను చూచి మనస్సున కలత చెందెను; అయినను నోట దూషణ రానీయక, వారి బలిపీఠమునుండియే, వారి కవుల మాటలనుండియే తన ప్రసంగమారంభించెను. నోరు మంచిదైన ఊరు మంచిది గదా!

మాట నిలుచుటకు నడవడి యాధారము. ఇచ్చట మేము మన విద్యార్థులతో ఏకీభవించుచున్నాము. మాటలు కోటలు దాటి కాళ్లు గడప దాటనివాడు నోరు మూసికొనుటయే మేలు. పరీక్షలో చూచి వ్రాయువాడు సత్యమును గూర్చి ప్రసంగింపరాదు. వసతిగృహములో తోడివానిని కులముపేరిట కించపఱచువాడు దేవుని ప్రేమను గూర్చి పాడరాదు. కాని దీనికి మందు మౌనము కాదు, మారుమనస్సు.

దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారిని ఇచ్చట స్మరింపవలెను. తిరునల్వేలి ప్రాంతమున పుట్టిన తమిళుడయ్యును ఆయన 1909లో దోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చి, 1912లో బిషప్పుగా అభిషేకింపబడి, 1945లో మరణించువఱకు తెలుగు పల్లెలలోనే తిరిగెను. బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతిని తమ తలమీద నుంచుకొనజేసి, సువార్త ప్రకటింపకుండినయెడల తమకు శ్రమయను పౌలుమాటను పలికించెడివాడు. వారిలో అనేకులు వ్రాలు చేయనెఱుగని కూలివారు. చదువురాని నోటిని దేవుడు వాడుకొనడను అపోహను ఆ యాచారము తీసివేసినది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రచించిన కీర్తనలును ఇట్లే నోటినుండి నోటికి ప్రాకి, పుస్తకము పట్టనివారి యిండ్లలో దీపపు వెలుగున పాడబడినవి.

విద్యార్థులారా, మీలో నత్తివాడున్న నిరాశపడవలదు; మోషే నోటిమాంద్యము కలవాడు. మాటకారియున్న గర్వింపవలదు, కొరింథువారు పౌలు ప్రసంగము కొఱగానిదనిరి, అయినను సంఘము కట్టబడెను. క్రైస్తవేతరులగు మన విద్యార్థులారా, మీ ప్రశ్నలను మాయెదుట నిర్భయముగా అడుగుడు. కాదనుటకు మీకు గల హక్కును మేము మా మాటకంటె తక్కువగా ఎంచము. తల్లిదండ్రులారా, సాయంకాలమున ఫోనులను ప్రక్కనుంచి పిల్లలతో నాలుగు మాటలాడుడు. ఇంట మాట నేర్వనివాడు వీధిలో నేర్వడు. తోడి ఉపాధ్యాయులారా, వచ్చు సంవత్సరము వాక్యములు ఒప్పజెప్పించుటతో ఆగక, అర్థమును వారి సొంత తెలుగున చెప్పింతము. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నను మన గోడమీద వ్రాసికొందము. సంగతేమో చెప్పలేని ప్రసంగము ఎంత చక్కనిదైనను పాఠమే. సంగతి చెప్పగలిగిన మాట ఎంత చిన్నదైనను సువార్తయే.