'టిపికల్ ట్రైబల్' అంటే ఎవరు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

హాస్టళ్ల నుంచి కాలేజీల దాకా వచ్చిన మనలో చాలామందికి ఈ రెండు మాటల్లో ఒకటి తగిలే ఉంటుంది. బాగా చదివితే "నువ్వు ట్రైబల్‌లా అనిపించవే" అంటారు. వెనకబడితే "టిపికల్ ట్రైబల్ స్టూడెంట్" అంటారు. ఎటు తిరిగినా కొలబద్ద వాళ్ల చేతిలోనే. అందుకే ఇలాంటి ఇంగ్లీషు విశేషణాలను పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకుండా, వాటి మధ్య తేడా మనం గట్టిగా పట్టుకోవాలి.

టిపికల్ అంటే ఎక్కువమందిలో కనిపించేది, అంటే అది లెక్కకు సంబంధించిన మాట. ఐడియల్ అంటే ఉండాల్సిన తీరు, అలాంటిది లోకంలో ఒక్కటి కూడా లేకపోవచ్చు. క్లాసిక్ అంటే పాఠంలో చూపించేంత స్పష్టమైన ఉదాహరణ. ఎగ్జెంప్లరీ అంటే నలుగురూ చూసి నేర్చుకోదగ్గది. క్వింటెసెన్షియల్ అంటే ఒకదాని సారమంతా తనలో ఉన్నది. తెలుగులో వీటిలో చాలావాటికి "పక్కా" అనేసి సరిపెట్టేస్తాం. తేడా పోయేది అక్కడే.

ఈ తేడా చిన్నది కాదు. మన ఏజెన్సీలో అందరికీ తెలిసిన మలేరియానే తీసుకోండి. ముందు వణుకు, తర్వాత కాలే జ్వరం, ఆ తర్వాత చెమటలు. ఇవి దాని క్లాసిక్ లక్షణాలు. కానీ రోగులందరికీ ఈ వరుసలోనే రావు. చిన్నపిల్లలకైతే ఉత్త జ్వరంతోనో వాంతులతోనో మొదలవ్వొచ్చు. వణుకు లేదు కాబట్టి మలేరియా కాదులే అని రక్తపరీక్ష చెయ్యకుండా పంపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పాఠంలో బొమ్మ వేరు, ఎదురుగా ఉన్న మనిషి వేరు.

మనుషుల విషయంలోనూ అంతే. గోండులు అనగానే పేపర్లో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ ఫొటో వేస్తారు. అది మన గొప్ప కళ, అందులో అనుమానం లేదు. మార్లవాయి కనకరాజు గారికి దానికే 2021లో పద్మశ్రీ ఇచ్చారు. తను నేర్చింది కుర్రాళ్లకు నేర్పిన ఆయన్ని ఎగ్జెంప్లరీ అనడం న్యాయం. కానీ గుస్సాడీ వేషం దీపావళి రోజుల్లో దండారీకి కట్టేది. మిగతా ఏడాది అదే మనిషి పత్తి చేనులో ఉంటాడు. టిపికల్ ఫొటో కావాలంటే ఆ చేనుకు పోయి తీయాలి.

ఈ కొలబద్ద కాగితాల్లోనూ ఉంది. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ తెగలను గుర్తించడానికి ఐదు గుర్తులు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా విడిగా ఉండటం, బయటివాళ్లతో కలవడానికి బిడియం, వెనుకబాటు. రాజ్యాంగం 342వ అధికరణంలో ఇవేవీ లేవు. తెగల జాబితాను రాష్ట్రపతి ప్రకటిస్తారని ఉంది. తెగ మొత్తాన్ని చూడటానికి పెట్టిన గుర్తుల్ని ఇప్పుడు ఒక్కొక్కరి మీద పెట్టి కొలుస్తున్నారు. బిడియం పోయి స్టేజీ మీద మాట్లాడితే ట్రైబల్ కానట్టేనా? డిగ్రీ చేస్తే తెగలోంచి పేరు కొట్టేస్తారా?

మాటలు మార్చడం కుదురుతుంది. చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్ల లాంటి తెగలను సర్కారు "ప్రిమిటివ్" గ్రూపులు అని రాసేది. 2006లో ఆ మాట తీసేసి పీవీటీజీ అని మార్చారు.

అందుకని ఎవరైనా "టిపికల్ ట్రైబల్" అంటే కోపంతో గొడవ పెట్టుకోవద్దు. "టిపికల్ అంటే ఎంతమందిలో చూశారు సార్?" అని మర్యాదగా అడుగుదాం. అది లెక్క మాట కాబట్టి లెక్క చెప్పాల్సింది వాళ్లే. అదే కొలబద్దను మన మధ్యకూ రానివ్వొద్దు. టౌనులో పెరిగి మన భాష రాని చెల్లిని "పక్కా ఆదివాసీ కాదు" అనొద్దు. తనకు నాలుగు మాటలు నేర్పిద్దాం.