పాట మాది, పేరెవరిది?

"సాయిబులకు పాట పుట్టుకతోనే వస్తుంది" అని మీరు మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలుకు మేం మురిసిపోవాలని కూడా అనుకుంటారు. మురిసిపోలేం. పుట్టుకతో వచ్చినదానికి కూలి అడగలేం కదా! నేర్చుకున్నదైతే వెల కట్టాలి. కట్టినదైతే కట్టినవాడి పేరు రాయాలి. పుట్టుకతో వచ్చిందంటే అది గాలిలాంటిది, ఏట్లో నీళ్లలాంటిది. ఎవరొచ్చి తోడుకుపోయినా అడిగేవాడుండడు. మా పాటను పొగిడే నోళ్లు మా పేరు పలక్కుండా తప్పించుకునే దారి ఇదే.

మా వేంపల్లె పాపాఘ్ని పక్కనున్న ఊరు. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీకి లేపడానికి ఫకీర్లు దఫ్ కొడుతూ వీధులు తిరుగుతారు. పీర్ల పండగ రాత్రుల్లో గుండం చుట్టూ హసన్ హుసేన్ల కథను తెలుగులో పాడతారు. పాడేవాళ్లలో సాయిబులుంటారు, దూదేకులోళ్లుంటారు, పీరుకు మొక్కుకున్న హిందువులుంటారు. ఆ పాటలకు కొత్త చరణాలు వచ్చి చేరుతుంటాయి. వాన ఎగ్గొట్టిన ఏడు శనక్కాయ చేను ఏడుపు చేరుతుంది. ఇంకో ఏడు కువైట్‌కు పోయిన తల్లి కోసం పిల్ల ఎదురుచూపు చేరుతుంది. ఈ చరణాలు మట్టిలోంచి మొలిచినవి కావు. ఒక మనిషి ఒక రాత్రి నిద్ర మానుకుని కట్టినవి. ఆ మనిషికి పేరుంది, రేషన్ కార్డుంది, అప్పుంది. మీరు మాత్రం "జానపదం" అనే ఒక్క మాటతో ఆ మనిషిని చెరిపేస్తారు.

ఇదే వేంపల్లె నుంచి కథ రాసినవాళ్లకు పేరొచ్చింది. కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 2011లో "మొలకల పున్నమి"కి వేంపల్లి గంగాధర్‌ను, 2012లో "జుమ్మా"కు వేంపల్లె షరీఫ్‌ను వరించింది. మాకు గర్వమే. కానీ పుస్తకానికి అట్ట ఉంది, అట్ట మీద పేరుంది. గుండం దగ్గర కట్టిన పాటకు అట్ట ఏది?

పేరు చెప్పుకోవడం మాకు కొత్త కాదు. గజల్ చివరి షేర్‌లో కవి తన తఖల్లుస్ పెట్టుకుంటాడు. తెలుగు శతకానికి మకుటముంది. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ యంత్రం ముందు పాడిన గౌహర్ జాన్, పాట అయిపోగానే తన పేరేదో ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో; ఎవరి పాటో అక్కడివాళ్లకు తెలియాలి మరి. యంత్రం వచ్చిన తొలిరోజుల్లోనే ఒక ముస్లిం స్త్రీ పాటతోపాటే తన పేరునూ దానిమీద ముద్రించింది. ఆ తర్వాత నూరేళ్లు దాటాయి. యంత్రాలు గుప్పిట్లో ఇమిడేంత చిన్నవయ్యాయి. మా పేర్లు మాత్రం వాటిలో ఇమడడం లేదట!

మా కడప జిల్లా ముడుమాల దూదేకుల సిద్దయ్యనే చూడండి. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు. ఆయన తత్వాలు తంబురాలతో ఊరూరూ తిరిగాయి. మీరు ఆయన్ను ఎలా గుర్తుపెట్టుకున్నారు? గురువు మహిమకు సాక్షిగా. తురకవాడు కూడా వచ్చి కాళ్లమీద పడ్డాడనే కథగా. 1984లో వచ్చిన సినిమాలోనూ ఆయన శిష్యుడే. తత్వం కట్టిన కవిగా, నోటితో పాటను మోసుకుతిరిగిన గాయకుడిగా సిద్దయ్య ఎక్కడున్నాడు?

షేక్ నాజర్ సంగతి ఇంకా స్పష్టం. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టాడు. పాత జంగం కథను ప్రజానాట్యమండలి రోజుల్లో పదునెక్కిన బుర్రకథగా మలిచాడు. మధ్యలో తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో హాస్యం, రాజకీయం. ముగ్గురు మనుషులు, ఒక ఊరి మైదానం. బెంగాల్ కరువును, పల్నాటి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజును తనే పాడాడు, తనే ఊళ్లు తిరిగాడు. 1954లో "అగ్గిరాముడు" సినిమాలోకీ ఆయన బుర్రకథ ఎక్కింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయాడు. తన జీవితకథకు ఆయన పెట్టుకున్న పేరు "పింజారి". మీరు తిట్టుగా వాడుకున్న మాటను అట్టమీద అచ్చేసి మీ చేతికిచ్చాడు. పేరంటే అదీ! అయినా "బుర్రకథ పితామహుడు" అని దండ వేసేవాళ్లు ఆ పింజారి అనే మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

పక్కనున్న తమిళనాడు చూడండి. నాగూర్ హనీఫా 2015లో పోయేదాకా తన ఊరి పేరును, తన మతం పేరును గొంతులోనే పెట్టుకుని బతికాడు. రికార్డులు, కేసెట్లు, ఊరూరా కచేరీలు, డీఎంకే సభలు. సినిమా దయమీద ఆధారపడకుండానే ఇంటింటికీ తెలిశాడు. నాగూర్ ఉర్సుకు పోయొచ్చే మా వాళ్లకూ ఆ గొంతు తెలుసు. తెలుగులో అలాంటి ముస్లిం పాటగాడు ఎందుకు నిలదొక్కుకోలేదు? గొంతులు లేకనా? వేదికలు, వేదికకు డబ్బిచ్చే చేతులు, డబ్బాలో పాట పెట్టి పేరు రాసే మనసులు లేకనా?

"కళకు మతం లేదు" అని మీరంటారు. మంచిది. అలాంటప్పుడు మతసామరస్య సభకు మాత్రమే మమ్మల్ని ఎందుకు పిలుస్తారు? టోపీ పెట్టుకుని రమ్మని ఎందుకు చెప్తారు? కరువు మీద పాడతామంటే "అది వేరే సభలో పాడండి, ఇక్కడ ఒక ఖవ్వాలీ చాలు" అని ఎందుకంటారు? 1969లో "భలే తమ్ముడు"లో ఎన్టీఆర్‌కు మహమ్మద్ రఫీ తన పేరుతోనే పాడాడు. ఆ పేరు తెలుగు చెవికి అడ్డం రాలేదు. పేరు అడ్డమొచ్చేది వినేవాడికి కాదు, పంచుకోవాల్సినవాడికి.

పంచుకోవడం దయ కాదు, చట్టం. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. పాట రాసినవాళ్లకూ, బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో సమాన వాటా ఉంది. ఆ హక్కును వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. రచయిత పోయాక కూడా అరవై ఏళ్లు హక్కు బతికే ఉంటుంది. నాజర్ కట్టిన కథల మీద అది 2057 దాకా ఉంది. కానీ చట్టం ముందు నిలబడాలంటే పేరు కావాలి. జానపదమని రాసిన మరుక్షణం ఆ హక్కు గాల్లో కలుస్తుంది. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే తగినంతమంది చందాదారులు, తగినంత వీక్షణ ఉండాలి. సహరీ ఫకీరుకు అదెక్కడిది? ఫోన్‌తో ఆయన్ను తీసుకుపోయి ఎక్కించినవాడికి ఉంటుంది. పాడినవాడికి దక్కేది పిడికెడు బియ్యం, ఎక్కించినవాడికి దక్కేది పేరూ డబ్బూ.

మా ఇంటి సంగతీ ఉంది. పాట హరామని నోళ్లు మూయించే పెద్దలు మాలో ఉన్నారు. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళానికి తల ఊపి, మర్నాడు ఆ మేళగాడి ఇంట పిల్లనివ్వని షరీఫులు మాలో ఉన్నారు. దూదేకులోళ్లను సగం తురకలని చూసే చూపు మీ దగ్గరే కాదు, మా మసీదు మెట్ల మీదా ఉంది. ఆడపిల్ల గొంతు గడప దాటితే ఇల్లు కూలుతుందనే భయం మా ఇళ్లలోనూ ఉంది. బయటివాడు పేరు చెరిపితే, లోపలివాడు గొంతే నొక్కుతాడు. ఇద్దరితోనూ మాకు పేచీ ఉంది.

మేం అడుగుతున్నది సన్మానం కాదు. శాలువాలు మడతపెట్టి పెట్టెలో పెడితే చెదలు తింటాయి. పాట రికార్డు చేస్తే కట్టినవాళ్ల పేరు, పాడినవాళ్ల పేరు, ఊరి పేరు రాయండి. పిలిస్తే పాడే ముందే ఎంతిస్తారో చెప్పండి. మా కరువును, మా కూలిని, మా కువైట్‌ను పాడే సభలు పెట్టండి. పండక్కి కాదు, మామూలు రోజున. మా పిల్లలు తమ పాటల్ని తామే రికార్డు చేసుకుని, తమ పేరు తామే రాసుకుని ఊళ్లమీదికి బయల్దేరుతున్నారు. అప్పుడు వాళ్లను మతవాదులనకండి. వాళ్లు చేస్తున్నది ఒక్కటే, పాట చివర తమ పేరు చెప్పడం.