గొళ్ళేనికి ఇవతలి పిల్లలు

తల్లికో తండ్రికో మనోవ్యాధి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళు ఆ రోజుల గురించి నోరు విప్పేసరికి సాధారణంగా నడివయసు దాటుతుంది. అప్పటికి జబ్బుపడ్డ మనిషి పోయి ఉంటారు, పాత ఇల్లు చేతులు మారి ఉంటుంది, అడిగితే చెప్పగల పెద్దమ్మో మేనత్తో ఒకరిద్దరు మిగిలి ఉంటారు. ఇన్నేళ్ళ మౌనానికి మనస్తత్వ శాస్త్రం బిడ్డ మనసులోనే కారణాలు వెతుకుతూ వచ్చింది. గోదావరి జిల్లాల వరకు చూస్తే అసలు కారణం ఇంటి కట్టుబాటులోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడి బిడ్డ మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఉండమని పెంచారు.

జ్ఞాపకం విషయంలో శాస్త్రం చెప్పేది ముందుగా తెలుసుకోవాలి. మూడు, మూడున్నరేళ్ళ లోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. భరించలేని అనుభవాన్ని మనసు తనంతట తాను అణిచిపెడుతుందని 1890లలో ఫ్రాయిడ్ ప్రతిపాదించాడు. నూరేళ్ళ తర్వాత అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని జాగ్రత్తగా చూడాలని హెచ్చరించింది. చిన్నప్పుడు మీరు ఒక పెద్ద దుకాణంలో తప్పిపోయారని, జరగని సంగతిని ఇంటివాళ్ళ మాటగా చెబితే పాల్గొన్నవారిలో నాలుగోవంతు మంది అది నిజంగానే జరిగిందని నమ్మారు. అందువల్ల లోపల ఏదో దాగి ఉందని తవ్వి తీసే వైద్యం కంటే, గుర్తున్నదాన్ని గుర్తున్నట్టు చెప్పించి, తెలిసినవాళ్ళతో సరిచూడటమే నమ్మదగిన దారి. ఇలాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళకు గుర్తున్నది తక్కువేమీ కాదు.

డెల్టా పల్లెల పాత పెంకుటిళ్ళలో జబ్బు ముదిరిన రోజుల ఏర్పాట్లు ఇంచుమించు ఒకే తీరున ఉండేవి. కత్తిపీట అటకెక్కేది. నూతి మీద చెక్కలు పరిచేవారు. కిరసనాయిలు డబ్బా, అగ్గిపెట్టె పక్కింటికి చేరేవి. పెరటివైపు కొట్టుగదికి బయటినుంచి గొళ్ళెం పడేది. లోపలికి అన్నం కంచం అందించే పని తరచుగా పిల్లల మీద పడేది, పెద్దవాళ్ళను చూస్తే మండిపడే మనిషి బిడ్డను చూస్తే మెత్తబడతారని. మాత్ర పొడి చేసి పెరుగన్నంలో కలిపిన సంగతి కంచం పట్టుకెళ్ళే పిల్లకు తెలుసు, తినే తల్లికి తెలియదు. ‘అంతా తిన్నదో లేదో చూసి చెప్పవే’ అని ఇవతలి నుంచి నాయనమ్మ. ఏడెనిమిదేళ్ళ పిల్ల తల్లి ప్రాణం కోసం తల్లినే మభ్యపెట్టాల్సి వచ్చేది. ఆ ఇంట్లో పెరిగిన బిడ్డను కేకలూ దెబ్బలే వెంటాడతాయని బయటివాళ్ళు అనుకుంటారు. గొళ్ళెం వేసిన చెయ్యి తనదే కావడం అంతకంటే లోతుగా గుచ్చుకుంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు చిల్లంగి అన్న అనుమానం వచ్చేది. భూతవైద్యుడు, తాయెత్తు, వేపమండలతో దెబ్బలు, వీటన్నిటికీ బిడ్డ సాక్షి. ఫలానా ముసలమ్మ చేయించిందని ఇంట్లో గుసగుసలు వింటే ఆ పిల్లలు ఆమె అరుగు ముందు నుంచి నడవడానికి కూడా భయపడేవారు. ఏ పాపం ఎరుగని మనిషి మీద పెంచుకున్న ఆ భయం కూడా పెద్దయ్యాక మోయాల్సిన బరువులో భాగమే.

కాన్పు తర్వాత వచ్చే ఉన్మాదం సంగతి వేరుగా చెప్పుకోవాలి. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు సందర్భాల్లో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో బాలింతకు ఇది వస్తుంది. సకాలంలో వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు. అందని ఇళ్ళలో, ఆ కాన్పులో పుట్టిన బిడ్డ ‘నువ్వు పుట్టాకే మీ అమ్మకిలా అయింది’ అన్న మాట వింటూ పెరుగుతుంది. అన్నవాళ్ళకు అది మామూలు మాట. తాను చూడని, గుర్తుండే అవకాశమే లేని రోజులకు ఆ బిడ్డ జీవితాంతం జవాబుదారీ అవుతుంది. ఇంతకంటే అన్యాయమైన వారసత్వం మరొకటి లేదు.

పెద్దాసుపత్రి అంటే గోదావరి జిల్లాల వాళ్ళకు చాలాకాలం విశాఖపట్నమే. 19వ శతాబ్దపు రెండో సగంలో మొదలైన అక్కడి మానసిక వైద్యశాల, మద్రాసు, కాలికట్‌లతో పాటు మద్రాసు ప్రెసిడెన్సీలోని మూడింటిలో ఒకటి. రాజమండ్రి నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్ల రైలు ప్రయాణం. 1912 నాటి లూనసీ చట్టం ప్రకారం రోగిని చేర్చుకోవడానికి చాలా సందర్భాల్లో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 1987 చట్టం అమల్లోకి వచ్చింది 1993లో. మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్ళడాన్ని ‘నాన్నను పోలీసులు పట్టుకెళ్ళారు’ అని గుర్తుంచుకున్న పిల్లవాడు ఆయన ఏదో నేరం చేశాడనే అనుకుంటాడు. యాభయ్యో ఏట 1912 చట్టం సంగతి తెలిశాక అదే దృశ్యం ఇంకోలా అర్థమవుతుంది. మందుల విషయమూ అంతే. 1950లలో వచ్చిన క్లోర్‌ప్రొమజీన్, దాని తర్వాతి మందులు కేకలను అణచగలిగాయి, కానీ చేతులు వణికించేవి, మొహం బిగిసేలా చేసేవి, చొంగ కార్పించేవి. తిరిగొచ్చిన తల్లి అడుగులో అడుగేసుకుంటూ, పిలిచినా నవ్వకుండా తిరుగుతుంటే అదే పిచ్చి అనుకుని బిడ్డ దూరం జరిగింది. ఆ మొహం జబ్బు ఇచ్చింది కాదు, మందు ఇచ్చింది. తల్లికి తన మీద ప్రేమ పోలేదని తెలుసుకోవడానికి ఒక డాక్టరు పావుగంట కూర్చోబెట్టి చెబితే చాలేది. చెప్పినవాళ్ళు లేరు.

ఇంటిల్లిపాదీ ఇంత గట్టిగా నోరు మూసుకోవడానికి మూలం పెళ్ళి సంబంధాలు. హిందూ వివాహ చట్టం 1955లో వధూవరుల మానసిక స్థితి గురించి షరతు పెట్టింది కానీ వాళ్ళ తల్లిదండ్రుల గురించి ఏమీ అనలేదు. లోకం మాత్రం అడిగేది వాళ్ళ గురించే. మధ్యవర్తి చేత, ఆ ఊళ్ళోని బంధువుల చేత, చివరికి పాలవాడి చేత కూడా ఆరా తీయిస్తారు. అందుకని బడికి వెళ్ళే వయసునుంచే పిల్లలకు జవాబులు నేర్పుతారు: అమ్మ పుట్టింటికెళ్ళింది, నాన్నగారికి వంట్లో బాగోలేదు, నరాల బలహీనత. చెల్లెలి పెళ్ళయ్యేదాకా, తర్వాత తన పిల్లల పెళ్ళిళ్ళయ్యేదాకా అవే జవాబులు. కట్టుకున్న మనిషికి కూడా చెప్పనివాళ్ళున్నారు.

తెలుగు సాహిత్యం మనసు లోతుల్లోకి దిగడంలో వెనకబడలేదు. గోపీచంద్ 1940లలో రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ పతనమవుతున్న ఒక గృహస్థు మనసును చివరిదాకా వెంబడించింది. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు అదే దశకంలో రాసిన ‘చివరకు మిగిలేది’ ఈ విషయానికి ఇంకా దగ్గరగా వస్తుంది. అందులో కథానాయకుడు దయానిధిని వెంటాడేది తల్లి గురించి లోకం అనుకున్న మాట. అది జబ్బు కాదు, అపవాదు. అయినా తల్లి పేరు మీద పడ్డ మచ్చ కొడుకు ప్రేమనూ పెళ్ళినీ వృత్తినీ ఎలా తినేస్తుందో అంత నిశితంగా చూపిన నవల తెలుగులో అరుదు. గోపీచంద్ నవలకు కేంద్రం తండ్రి; ఆ ఇంటిని బిడ్డ కళ్ళతో చూపడం ఆయన ఎత్తుకున్న పని కాదు. బుచ్చిబాబు కొడుకు వైపు నిలబడ్డారు, జబ్బు వైపు వెళ్ళలేదు. ఆ రెండూ కలిసే చోట రావాల్సిన పుస్తకాలు చాలా ఉన్నాయి.

ఈ జ్ఞాపకాలను ఎదుర్కోవడానికి అడ్డుపడే పెద్ద భయం ‘నాకూ వస్తుందేమో’ అన్నది. తల్లిదండ్రుల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం. మామూలు జనంలో అది 1 శాతం దాకా ఉంటుంది. పది రెట్లన్న మాటతో భయపడేవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమందికి రాదన్నది గమనించరు. బ్రిటన్‌లో మైకేల్ రట్టర్ 1966లో జబ్బుపడ్డ తల్లిదండ్రుల పిల్లలపై వెలువరించిన అధ్యయనం, ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కలిపి చూస్తే, బిడ్డను దెబ్బతీసేది జబ్బు పేరొక్కటే కాదు. ఇంట్లో తగవులు, పట్టించుకునే పెద్దమనిషి లేకపోవడం, ఎవరూ ఏమీ చెప్పకపోవడం కూడా అంతే దెబ్బతీస్తాయి. ఒక్క అమ్మమ్మో ఒక్క మాస్టారో దగ్గరకు తీసుకున్న పిల్లలు చాలావరకు నిలదొక్కుకున్నారు.

నడివయసులో ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు ఒక క్రమం ఉపయోగపడుతుంది. గుర్తున్నది ముందు కాగితం మీద పెట్టాలి, ఎవరినీ అడగకముందే. అడిగాక వాళ్ళ మాట మన జ్ఞాపకంలో కలిసిపోతుంది. తర్వాత తోబుట్టువులతో కూర్చోవాలి. ఒకే ఇంట్లో పెద్దకొడుకు చూసిన తండ్రి, కడగొట్టు పిల్ల చూసిన తండ్రి ఒకరు కారు, ఎవరి మాటా అబద్ధం కాదు. పాత మందుచీటీలు, ఆసుపత్రి కాగితాలు ట్రంకుపెట్టెలో దొరికితే సైకియాట్రిస్టుకు చూపించాలి. నిద్ర పట్టకపోయినా, పాత దృశ్యాలు పగలు కూడా వదలకపోయినా ఒంటరిగా కొనసాగించకూడదు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు అలాంటి ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలకు యాభయ్యేళ్ళు ఆగాల్సిన అవసరం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. చికిత్సలో ఉన్న తల్లినుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదంది. నాలుగేళ్ళ బిడ్డ, పదేళ్ళ బిడ్డ సంగతి ఆ సెక్షన్ చెప్పదు. నార్వేలో 2010 నుంచి చట్టం వేరు: పెద్దవాళ్ళకు ఇలాంటి జబ్బులకు వైద్యం చేసేవాళ్ళు ఆ ఇంట్లో పిల్లలున్నారా అని కనుక్కోవాలి, వాళ్ళకు జబ్బు గురించి తగిన మాటల్లో తెలిసేలా చూడాలి, ఆసుపత్రిలో ఆ బాధ్యత ఒకరికి ప్రత్యేకంగా అప్పగించాలి. ఇక్కడ దానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో, 2023లో వైద్య కళాశాలలు మొదలైన రాజమహేంద్రవరం, ఏలూరు ఆసుపత్రుల్లో రోగి చీటీ రాసేటప్పుడు ఇంట్లో పిల్లలెందరు, వయసెంత, వాళ్ళను ఎవరు చూస్తున్నారు అని అడిగి రాసుకోవాలి. తల్లికి మందు రాసిన డాక్టరే, ఆమెతో వచ్చిన పిల్లను కూడా ఒకసారి లోపలికి పిలిచి, ఇది జబ్బని, దానికి కారణం ఆ పిల్ల కాదని చెప్పాలి.