ఇసుకదారిలో మార్గదర్శి

ఆస్ట్రేలియా తూర్పు తీరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ‘గర్రి’ అనే ద్వీపం ఉంది. చాలాకాలం పాటు లోకం దానిని ఫ్రేజర్ ద్వీపంగానే ఎరుగును. సుమారు 120 కిలోమీటర్ల పొడవున పరచుకొన్న ఈ దీవి దాదాపుగా ఇసుకే. ప్రపంచంలోని సైకత ద్వీపాలన్నిటిలో ఇదే పెద్దది. ఇసుక అనగానే మనసులో ఎడారి మెదలడం సహజం. ఇక్కడ మాత్రం ఆ ఇసుకలోనే వేళ్లూని మహావృక్షాలు ఆకాశాన్ని అందుకొంటున్నాయి. దిబ్బల నడుమ స్ఫటికం వంటి మంచినీటి సరస్సులు నిలిచి ఉన్నాయి. రాలిన ఆకులు శిథిలమై, ఇసుకతో కలిసి గట్టిపడి, నీరు ఇంకనీయని పొరగా మారడం వల్ల వాననీరు దిబ్బలపైనే నిలిచిపోతుంది. ఇటువంటి సరస్సులలో సగం ఈ ఒక్క దీవిలోనే ఉన్నాయని చెబుతారు. యునెస్కో 1992లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇంతటి దీవిలో తారురోడ్లు లేవనే చెప్పాలి. తూర్పు తీరపు ఇసుకమేటయే రహదారి. దానికి వేగపరిమితి ఉంది. గంటకు 80 కిలోమీటర్లు దాటరాదు. చిన్న విమానాలు సైతం అక్కడే దిగుతాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ‘ఫోర్ వీల్ డ్రైవ్’ వాహనం తప్ప మరొకటి ఆ ఇసుకలో సాగదు. అందుచేత ఇక్కడ ఒక విచిత్రమైన విహారపద్ధతి స్థిరపడింది. ముందు మార్గదర్శి వాహనం నడుస్తుంది. దాని వెనుక పర్యాటకులు తామే నడుపుకొంటూ మరికొన్ని వాహనాలలో వరుసగా సాగుతారు.

ఈ పద్ధతిని కొందరు హేళన చేస్తారు. సాహసయాత్రకు వచ్చి ఒకరి వెంట గొర్రెల మందవలె నడవడమేమిటని వారి ప్రశ్న. ఇసుక స్వభావం ఎరిగినవారు ఆ మాట అనరు. తారురోడ్డుపై అబ్బిన నేర్పు ఇసుకలో కొరగాదు. మొదట చక్రాలలోని గాలి కొంత తీసివేయాలి. అప్పుడు చక్రం వెడల్పుగా పరచుకొని ఇసుకలో కూరుకుపోకుండా తేలుతుంది. హఠాత్తుగా బ్రేకు వేసినా, చక్రాన్ని ఒక్కసారిగా తిప్పినా వాహనం పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. దీవిలోపలి నుండి వచ్చే వాగులు తీరాన్ని కోసుకొంటూ సముద్రంలో కలుస్తాయి. నిన్న చదునుగా ఉన్నచోట నేడు నిలువెత్తు గండి ఉండవచ్చు. పోటు గరిష్ఠస్థాయికి చేరడానికి ముందు రెండు గంటలు, తరువాత రెండు గంటలు తీరాన ప్రయాణించరాదన్నది అక్కడి తొలిపాఠం. ఆ లెక్క తప్పినవారి వాహనాలను అలలు మింగిన సందర్భాలు ఉన్నాయి. ఈ విద్య ఒక కరపత్రం చదివినంతలో పట్టుబడేది కాదు. 2009లో యువ పర్యాటకుల వాహనాలు పల్టీ కొట్టి ప్రాణనష్టం జరిగిన తరువాతనే నిబంధనలు బిగిశాయి. ఆలస్యంగానైనా అది సరియైన నిర్ణయమే.

అయితే మార్గదర్శి అవసరం మనుషుల ప్రాణరక్షణతో ముగిసేది కాదు. తీరపు ఇసుక చూపులకు శూన్యంగా కనిపిస్తుంది. దాని అడుగున పీతలు బొరియలు తవ్వుకొని ఉంటాయి. ఆలిచిప్పలు ఒదిగి ఉంటాయి. చక్రాల బరువుకు అవి నలిగిపోతాయి. చీకటిపడ్డాక మేతకై బయటికి వచ్చే పీతలకు రాత్రి ప్రయాణాలు మృత్యువులే. తీరపు దిబ్బల అంచులపై గడ్డి ఒక్కసారి నశిస్తే గాలి ఆ దిబ్బనే తొలుచుకుపోతుంది. డింగోలనే అడవికుక్కల కథ మరింత విషాదకరం. యాత్రికులు ముచ్చటపడి పెట్టిన తిండికి అలవాటుపడి అవి మనిషి భయం మరచిపోతాయి. 2001లో తొమ్మిదేళ్ల బాలుడొకడు వాటి దాడిలో మరణించాడు. దరిమిలా అధికారులు ఎన్నో డింగోలను చంపించారు. 2020లో ఎవరో నిబంధనలను ధిక్కరించి వేసిన చలిమంట కార్చిచ్చుగా మారి దీవిలో సుమారు సగభాగాన్ని దహించింది. ఒక అనుభవజ్ఞుని మందలింపు ఆ సమయాన ఉండి ఉంటే అంతటి అనర్థం తప్పేదేమో!

ఆ అనుభవజ్ఞుడు ఎవరై ఉండాలన్నది మరొక ప్రశ్న. ఈ దీవి బుచుల్లా అనే ఆదిమజాతివారిది. 1836లో ఓడ మునిగి ఇక్కడికి చేరిన ఎలైజా ఫ్రేజర్ అనే స్త్రీ వారిని క్రూరులుగా చిత్రించిన కథలు చెప్పింది. వాటిని లోకం నమ్మడమే గాక, దీవికి ఆ ఇంటిపేరే నిలిచిపోయింది. 2014లో న్యాయస్థానం బుచుల్లా ప్రజల సంప్రదాయ హక్కులను గుర్తించింది. 2023లో వారి భాషలోని ‘గర్రి’ అనే పేరు అధికారికంగా తిరిగి వచ్చింది. ఆ మాటకు స్వర్గమని అర్థం. పేరు మార్చినంతమాత్రాన చాలదు. దారి చూపే పనిలోనూ వారికి అగ్రస్థానం దక్కాలి. సరస్సును చూపి ఛాయాచిత్రం తీసుకొమ్మని చెప్పేవాడికీ, ఆ సరస్సు తన పూర్వికులకు ఏమవుతుందో చెప్పగలవాడికీ ఎంతో అంతరం ఉంది.

వాహనాల సంఖ్యకు హద్దు పెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా జీవనోపాధి పోతుందన్న కేక వినవస్తుంది. 1976లో ఇక్కడి ఖనిజపు ఇసుక ఎగుమతిని ప్రభుత్వం నిషేధించినప్పుడూ ఇదే వాదం. 1991లో కలప నరకడం ఆగినప్పుడూ ఇదే. ఆ రెండూ ఆగినందువల్లనే నేడు చూడదగినదేదో మిగిలి, యాత్రికుల రాకతో కొత్త ఉపాధి పుట్టింది. తరతరాలుగా ఏటా చేపలు పట్టుకోవడానికి వచ్చే సమీప ప్రాంతాల కుటుంబాలను ఒక్కసారిగా రావద్దనడం న్యాయం కాదు. వారికి ఆ ఇసుక తెలుసు. ఒకటి రెండు రోజులకు వాహనాన్ని అద్దెకు తీసుకొని, పోటు వేళలైనా తెలియక తీరానికి దిగే కొత్తవారి విషయం వేరు. మార్గదర్శి లేనిదే వారికి అనుమతి ఇవ్వరాదన్న నియమంతో మొదలుపెట్టవచ్చు. మార్గదర్శులు నడిపే బృందాలకు సైతం రోజుకు ఇన్ని అని లెక్క ఉండాలి; దారి తెలిసినవాడు నడిపినంతమాత్రాన చక్రం కింద పీత బ్రతకదు.