కరెంటు బిల్లులో సీలేరుకూ ఒక వరుస కావాలి

రీడింగ్ తీసే కుర్రాడు చేతిమిషన్లోంచి చింపి ఇచ్చే బిల్లు కాగితాన్ని ఒకసారి పైనుంచి కిందకి చదవండి. ఎనర్జీ చార్జి, ఫిక్స్‌డ్ చార్జి, కస్టమర్ చార్జి, డ్యూటీ. వాటి కింద ఎఫ్‌పీపీసీఏ. బొగ్గు ధర పెరిగినా, బయట ఎక్కువ రేటుకు కరెంటు కొన్నా ఆ భారం ఆ పేరుతోనే, యూనిట్‌కు 40 పైసల దాకా, మన మీద పడుతోంది. నష్టానికి బిల్లులో పేరుంది. వానలు బాగా పడి సీలేరు నది మీది జలవిద్యుత్ జలాశయాలు నిండిన ఏడాది వచ్చిన లాభానికి మాత్రం పేరూ లేదు, వరుసా లేదు. ఆ వరుస పెట్టాలని అడుగుతున్నాను.

మాది కొత్తపేట. కొబ్బరితోట, దానికి తోడు కాస్త దాళ్వా వరి. ఫిబ్రవరి దాటితే గోదావరిలో సహజ ప్రవాహం పడిపోతుంది. అక్కణ్ణుంచి కోత దాకా మా మధ్య డెల్టా కాలవలు చాలావరకు సీలేరు నీటిమీదే ఆధారపడతాయి. లాకుల దగ్గర లస్కరు కనపడితే రైతు వేసే మొదటి ప్రశ్న “సీలేరు నుంచి ఎంత వదిలారండీ?” అనే. వంతులవారీ పెట్టారంటే శివారు పొలాల వాళ్లకు రాత్రి నిద్ర ఉండదు.

ఆ నీళ్లు మా మడిలోకి ఊరికే రావు. మాచ్‌ఖండ్‌లో 120 మెగావాట్లు, ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460. ఇన్ని చోట్ల టర్బైన్లు తిప్పి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి, ధవళేశ్వరం మీదుగా మా కాలవల్లోకి వస్తాయి. మాచ్‌ఖండ్‌లో కరెంటు తీయడం 1955లోనే మొదలైంది, దిగువ సీలేరు డెబ్భైల నాటిది. వాటికి కొనాల్సిన బొగ్గు లేదు. ఇంత చౌక కరెంటు వేల మెగావాట్ల బొగ్గు కరెంటుతో కలిసి సగటు ధరలో మునిగిపోతోంది. “సగటు తగ్గింది కదా, మీకు అందినట్టే” అంటారు. కాదనను. కానీ కంటికి కనిపించని తగ్గింపు గురించి జనం ఎలా అడుగుతారు?

బిల్లులో తిరిగి ఇవ్వడం సాధ్యమేనని మొన్ననే రుజువైంది. ఎక్కువ వసూలు చేసిన సొమ్మును ట్రూడౌన్ కింద వెనక్కి ఇవ్వమని విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశిస్తే, 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గించారు. ఇంటిమీద సోలార్ పెట్టుకున్నవాళ్లకు మిగులు యూనిట్లు బిల్లులోనే లెక్కకడుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఉంది, లెక్క ఉంది.

అయితే ఈ తగ్గింపు మొదట అందాల్సింది మా కోనసీమకు కాదు, పోలవరం నిర్వాసితులకు. పోలవరం దగ్గర 80 మెగావాట్ల యూనిట్లు 12, మొత్తం 960 మెగావాట్ల కేంద్రం కడుతున్నారు. ఆ జలాశయం కోసం లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల వాళ్లే అందులో ఎక్కువ. 2008 నాటి జాతీయ జలవిద్యుత్ విధానంలో ఒక మాట స్పష్టంగా ఉంది: ప్రాజెక్టు నడక మొదలైన నాటినుంచి పదేళ్లపాటు ప్రతి నిర్వాసిత కుటుంబానికి నెలకు 100 యూనిట్లు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ద్వారా ఇవ్వాలి. వాడుకోని యూనిట్ల విలువ డబ్బుగా ఇవ్వొచ్చు. 2022 నాటి గృహ శ్లాబుల ప్రకారం మొదటి 100 యూనిట్ల ఎనర్జీ చార్జి సుమారు 305 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం ఇప్పటికే ఉంది కాబట్టి, బిల్లులో తగ్గిస్తే గిరిజన కుటుంబాలకు ఒరిగేదేమీ ఉండదు. వాళ్లకు ఆ విలువ నెలనెలా ఖాతాలో పడాలి. ఉన్న రాయితీని చూపించి కొత్త హక్కును ఎగ్గొట్టడానికి వీల్లేదు. పోలవరంలో మొదటి యూనిట్ తిరిగే రోజుకే ఈ కుటుంబాల జాబితా సిద్ధంగా ఉండాలి. పునరావాస కాలనీల్లో ఇంటినంబర్ల గందరగోళం ఇప్పుడే తేల్చకపోతే తర్వాత తేలదు.

నార్వేలో జలవిద్యుత్ కేంద్రాలు ఉత్పత్తిలో పదో వంతు దాకా స్థానిక మున్సిపాలిటీలకు చౌకగా ఇవ్వాలని చట్టమే ఉంది. నది ఇచ్చిన ఊరికి నదిలో వాటా అనేది అక్కడ దానం కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బిల్లు తగ్గించే ఉత్సాహంలో చలికాలంలోనే సీలేరు నీళ్లన్నీ టర్బైన్లకు వదిలేస్తే ఏప్రిల్‌లో మా చేలు ఎండుతాయి. దాళ్వా అవసరం లెక్కగట్టి, ఆ నీటిని పక్కనపెట్టాకే కరెంటు లెక్క వేయాలి. వానలు లేని ఏడాది తగ్గింపు సున్నా అయినా సరే, ఆ సున్నా కూడా బిల్లులో రాయండి.

డిస్కంలు ఏటా నవంబరు ఆఖరుకల్లా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదిక మండలికి ఇస్తాయి. దానిమీద ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. నీటి సంఘాల వాళ్లూ, కూనవరం వైపు నిర్వాసితులూ కలిసి ఈసారి ఈ రెండూ అడగాలి: బిల్లులో జలవిద్యుత్ వరుస, నిర్వాసితులకు నెలకు 100 యూనిట్లు. నా అర్జీ నేను రాసిపెట్టాను.